పప్పు పాకెట్ పిల్లలు

వికారాబాద్,
మే 2.

గౌరవనీయులైన ఈశ్వరమ్మ గారికి,

వికారాబాద్ నుంచి జ్యోతిరాణి నమస్కరించి రాసేది. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకండి. మొదట ఫోనే చేశాం. "మీరు ఎంపికయ్యారు" అనగానే "ఓటీపీ చెప్ప, నువ్వేడ మొత్తుకుంటవో మొత్తుకో" అని మీరు పెట్టేశారు. మళ్లీ చేస్తే పోలీసులకు చెబుతానన్నారు. మీ తప్పేమీ లేదు. ఇప్పుడు మంచి కబురు చెప్పబోయినా జనం భయపడుతున్నారు, అందుకే పోస్టును నమ్ముకున్నాం.

మేము కొందరం కలిసి 'పది చేతులు' అనే వీడియో కార్యక్రమం చేస్తాం. ఎవరికి సాయం చేయాలో, ఏ సాయం చేయాలో చూసేవాళ్లే ఓట్లు వేసి చెబుతారు. సామాను దాత ఇస్తారు, పని మా వాలంటీర్లు చేస్తారు. ఈసారి చూసేవాళ్లు మిమ్మల్ని ఎన్నుకున్నారు. మీరు కుట్టిన యూనిఫారాలు తొడుక్కొని చదువుకున్న పిల్లలే ఎక్కువగా ఓట్లు వేసినట్టున్నారు.

నిరుడు వానకు మీ కుట్టు షెడ్డు కారి, బడిపిల్లల గుడ్డ తానులు తడిసిపోయాయట. ఈసారీ తడిస్తే యూనిఫారాల పని వేరేవాళ్లకు ఇస్తామని మహిళా సంఘంవాళ్లు అన్నారట. అందుకే వానలు పడేలోగా పాత కప్పు తీసేసి మీకు కొత్త రేకులు వేస్తాం. రేకులు ఇచ్చేది మీ తాండూరు పప్పు మిల్లు మహిధర్ గారు. ఈ నెలాఖరు ఆదివారం వస్తాం. జరిగేదంతా ఫోన్లలో అందరూ లైవ్‌గా చూస్తారు.

ఇట్లు,
వందనాలతో,
జ్యోతిరాణి.

తా.క. మేము దొంగలం కాదని నమ్మడానికి మా ఫోటో పెడుతున్నాను. కెమెరా పట్టుకున్నవాడు నిఖిల్, చెవులదాకా నవ్వుతున్నది అంజలి, వెనక నిలబడ్డవాడు ఏసుదాసు. అప్పటికీ అనుమానం తీరకపోతే పోలీసులకే చూపించండి. ఒక ఎస్సై గారు మా పాత ఎపిసోడ్‌లో నిచ్చెన పట్టుకున్నారు.

•

తాండూరు,
మే 7.

చిరంజీవి జ్యోతిరాణికి,

ఈశ్వరమ్మ దీవించి రాసేది. ఇక్కడ ఎండలు మండుతున్నాయి, అంతకు మించి ఇబ్బంది లేదు. నీ ఉత్తరం అందింది. ఫోటో చూసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు బిడ్డా.

అందరికీ ఒకే పసుపు అంగి. దాని మీద మిల్లు పేరు. ఎవరో దయతలిచి ఇచ్చినవని తెలుస్తూనే ఉంది. ఒక్కరికైనా సరిపోయిందా? నిఖిల్ భుజాలు మోచేతుల మీదికి జారాయి. అంజలి ఆ అంగీలో ఎక్కడుందో వెతుక్కోవాలి. ఏసుదాసు ముఖం పీక్కుపోయింది. పక్కింటి పద్మారాణి తన ఫోనులో మీ పాత వీడియోలు చూపించింది. అన్నిట్లోనూ అవే అంగీలు. నడుమ నడుమ ఒక పప్పు పాకెట్‌ను చేతిలోకి తీసుకొని దాన్ని చూసి నవ్వుతారు. ఆఖరున చేతులు జోడించి, మీ ఆదరణ లేకపోతే మేము లేము, మమ్మల్ని మరిచిపోకండి అని వేడుకుంటారు. పద్మారాణి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మీ అందరి కొలతలు పంపు. మెడ, భుజం, ఛాతీ, చెయ్యి పొడుగు. మంచి గుడ్డ తీసి తలా ఒక అంగీ కుడతాను. వచ్చినరోజు ఎవరు ఏం తింటారో రాయి. ఫికర్ చేయకండి, నేనున్నాను.

దీవెనలతో,
ఈశ్వరమ్మ.

తా.క. పప్పు మాత్రం వండను.

•

వికారాబాద్,
మే 11.

పూజ్యులైన ఈశ్వరమ్మ గారికి,

జ్యోతిరాణి వందనాలు. మీ ఉత్తరం మావాళ్లందరికీ చదివి వినిపించాను. విన్నాక నిఖిల్ లేచి వెళ్లి అద్దం ముందు నిలబడ్డాడు.

ఎక్కడో పొరపాటు జరిగినట్టుంది. మేము లేనివాళ్లం కాదండీ. నిఖిల్ ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ నేర్పుతాడు. అంజలి నర్సింగ్ చదువుతోంది. ఏసుదాసు తాపీమేస్త్రీ, సొంత ఇల్లుంది, పాడి ఉంది. నాకు స్టేషన్ రోడ్డులో ఫోటో స్టూడియో ఉంది. ఆ అంగీలు దాత పేరు కనిపించడానికి వేసుకునేవి. పప్పు పాకెట్ పట్టుకోవడం ఒప్పందంలో ఉంది, దాన్ని చూసి నవ్వడం మహిధర్ గారి కోరిక. చివర్లో చేతులు జోడించేది చూసేవాళ్లు పెరగాలని. అన్ని ఛానెళ్లవాళ్లూ అలాగే వేడుకుంటారు.

సాయం చేసేది మేము, అందుకునేది మీరు. దయచేసి మాకోసం ఏమీ కుట్టకండి. రేకులు నీలంవి వేయాలా ఎర్రవి వేయాలా అని ఆ రోజు చూసేవాళ్లను అడుగుతాం. మీకు ఏ రంగు ఇష్టమో ముందుగా ఎవరికీ చెప్పకండి, ఓటింగ్‌లో మజా పోతుంది.

వందనాలతో,
జ్యోతిరాణి.

తా.క. తన భర్త ముఖం పీక్కుపోయిందన్న మాట ఏసుదాసు భార్య రెండుసార్లు చదివించుకుంది. మా ఎపిసోడ్లలో ఇకమీదట బక్కగా కనిపించవద్దని అతనికి వార్నింగ్ ఇచ్చింది.

•

తాండూరు,
మే 16.

చిరంజీవి జ్యోతిరాణికి,

ఈశ్వరమ్మ దీవించి రాసేది. ఇల్లుంది, పాడి ఉంది, స్టూడియో ఉంది అని రాశావు. అభిమానం గల పిల్లలు అలాగే అంటారు. నేను ఎంతమందిని చూడలేదు, కడుపు నిండా తిన్నవాళ్లెవరూ తిన్నామని ఇంత పొడుగు ఉత్తరం రాయరు.

కొలతలు పంపకపోతే పంపకపోయావు. ఫోటో చూసి కత్తిరించేశాను. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను, మనిషి నిలబడిన తీరు చూస్తే చాలు. ఫోటో వీధిలో అందరికీ చూపించాను. పద్మారాణికి ఆగబుద్ధి కాలేదు. ఆడవాళ్లను వెంటేసుకొని మిల్లుకు పోయింది. మహిధర్ కుర్చీలోంచి లేచేలోపు అడిగేసింది.

"ఏం సేటూ, గా పొల్లగాండ్లకు ఒక్కొక్క అంగి ఇచ్చి ఏడాదంత తిప్పుతున్నవా? పప్పు నువ్విస్తే బియ్యం ఎవలియ్యాలె?"

ఆయన వెంటనే టీ తెప్పించాడట, ఎవరూ తాగలేదు. ఎవరో అదంతా ఫోనులో తీసి నెట్‌లో పెట్టారు. మిమ్మల్ని ఇప్పుడు మా వీధిలో పప్పు పాకెట్ పిల్లలు అంటున్నారు. ప్రేమతోనే.

దీవెనలతో,
ఈశ్వరమ్మ.

తా.క. నిఖిల్ కుడి భుజం ఎడమదానికన్నా దిగి ఉంది. కెమెరా మోసి మోసి అలా అయిందేమో. అంగీలో సరిచేశాను, ఇక బయటికి కనిపించదు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు అదే తొడుక్కోమను.

•

వికారాబాద్,
మే 21.

పెద్దమ్మకు,

గారూ అని రాసే ఓపిక ఈ పూట లేదు, ఏమీ అనుకోకండి.

మహిధర్ గారు రేకులు ఇవ్వనన్నారు. తాండూరులో తలెత్తుకొని తిరగలేకపోతున్నానని, మిల్లు ముందు నుంచి పోయేవాళ్లు బియ్యం ఎక్కడ అని అడుగుతున్నారని ఫోనులో మండిపడ్డారు. తప్పు నాదేనన్నాను. వినలేదు. అనంతగిరి కొండల మీద అప్పుడే మబ్బులు కమ్ముతున్నాయి. రేకులు పడకుండా వాన పడితే మీ గుడ్డ తడుస్తుంది, పని పోతుంది. ఆ ఆలోచనకు నాకు నిద్ర పట్టడం లేదు.

ఎపిసోడ్ ఆపేయాలా అని చూసేవాళ్లను అడిగాం. ఆపవద్దని అందరూ ఓట్లు వేశారు. వాళ్లు చెప్పింది చేసితీరాలన్నది మా నియమం. కాబట్టి రేకులు లేకపోయినా వస్తాం. దొరికిన టార్పాలిన్ తెస్తాం. మీరు మహిధర్ గారికి ఒక్క ముక్క రాయండి, మేము అన్నంలేనివాళ్లం కాదని. మీ మాటైతే వింటారు. మొదటి ఉత్తరంలో మీకు సాయం చేస్తామని రాశాను. ఇప్పుడు మాకే మీ సాయం కావాలి.

మీ,
జ్యోతిరాణి.

తా.క. మాకు తెలియనివాళ్లు అంజలికి బస్టాండులో అరటిపళ్లు ఇచ్చి పోతున్నారు. వద్దంటే ఇంకా ఎక్కువ ఇస్తున్నారు.

•

తాండూరు,
మే 26.

బిడ్డా,

మహిధర్‌కు నేనేమీ రాయను. ఆదివారం పొద్దున్నే రండి. టార్పాలిన్ తేవద్దు. పొద్దున ఏమీ తినకుండా రండి.

ఈశ్వరమ్మ.

తా.క. ఆ పసుపు అంగీలే వేసుకొని రండి. ఇది మరిచిపోవద్దు.

•

వికారాబాద్,
జూన్ 2.

ప్రియమైన పెద్దమ్మకు,

జ్యోతిరాణి వందనాలు. ఇల్లు చేరి రెండు రోజులైనా నా మనసు మీ వీధిలోనే ఉంది. చూసినవన్నీ మీకే రాయాలనిపిస్తోంది, అక్కడ మీరున్నా సరే. మీరు వంట దగ్గర ఉండి సగం చూడలేదు కదా.

మేము దిగగానే లైవ్ మొదలుపెట్టాం. రేకులు లేకపోయినా, ముందు అనుకున్నట్టే నీలమా, ఎరుపా అని అడిగాం. రంగు సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు. ముందు పిల్లలకు అన్నం పెట్టండి అని తెర నిండా రాశారు. చూసేవాళ్ల మాట కాదనకూడదు కదా, కూర్చున్నాం. మేము తింటుంటే మీ వీధివాళ్లు పాత రేకులు విప్పడం మొదలుపెట్టారు, కొత్తవి వస్తాయని మీరు చెప్పారట. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే అన్నలు నిచ్చెనలు తెచ్చుకున్నారు. ఏసుదాసు చెయ్యి కడుక్కొని పైకి ఎక్కబోతే ఒక పెద్దాయన పట్టుకొని కింద కూర్చోబెట్టాడు.

"నువ్వు గూసో కొడుకా, ఒంట్ల సత్తువ లేదు నీకు."

ఆరడుగుల ఏసుదాసు నావైపు దీనంగా చూశాడు. అది కూడా లైవ్‌లో వెళ్లింది. ఇంకో అరటిపళ్ల గెల వచ్చేట్టుంది.

అప్పుడే మహిధర్ గారి లారీ వచ్చింది. రేకులు, పైన ఒక బియ్యం బస్తా. ఆయన అమ్మగారు మీ దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటారట. ఆ పిల్లలకు అన్నం పెట్టేదాకా నీ మిల్లు పప్పు నేను ముట్టనన్నారట. ఆయన నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు.

"మేడం, జర మీవాళ్లను ఆకలైనట్టు తినమనుండ్రి. మా అమ్మ చూస్తున్నది."

తర్వాత ఆయనే చొక్కా చేతులు మడిచి రేకులు అందించారు. మేము సాయం చేయడానికి వచ్చాం, మాకు పట్టుకోవడానికి పని మిగల్లేదు. నిఖిల్ కెమెరా పట్టుకొని ఏడ్చాడు. ఇన్ని ఎపిసోడ్లు చేశాను పెద్దమ్మా, వీధి వీధంతా కదిలి ఒక కప్పు వేయడం ఎన్నడూ చూడలేదు. మీరు కుట్టి పెట్టిన అంగీలు తొడుక్కున్నాక విప్పడానికి ఎవరూ ఒప్పుకోలేదు. టేపు పెట్టకుండా అలా ఎలా కుట్టారో నాకు ఇంకా అర్థం కాలేదు. మీలాంటి మనిషిని చూసినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

నిన్న ఇక్కడ వాన పడింది. మీ కప్పు ఎలా ఉందో రాయండి. ఎపిసోడ్ ఎడిటింగ్‌లో ఉంది. మేము దిక్కులేనివాళ్లం కాదని, ఆ రోజు సాయం అందుకున్నది మీరేనని మొదట్లోనే ఒక మాట వేయమని మహిధర్ గారు అడుగుతున్నారు. న్యాయమే కదా. మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

ప్రేమతో,
జ్యోతిరాణి.

తా.క. కామెంట్లలో ఒకాయన నిఖిల్‌ను దత్తత తీసుకుంటానని రాశాడు. ఆయన వయసు నిఖిల్ కన్నా తక్కువ.

•

తాండూరు,
జూన్ 6.

చిరంజీవి జ్యోతిరాణికి,

పెద్దమ్మ దీవించి రాసేది. వాన ఇక్కడా పడింది. చుక్క కారలేదు. తానులు పొడిగా ఉన్నాయి, మిషన్ ఆగకుండా నడుస్తోంది. బడి తెరిచేనాటికి పిల్లలకు యూనిఫారాలు అందుతాయి.

నువ్వడిగిన ఆ మాట మాత్రం వీడియోలో వేయకు బిడ్డా.

నీ మొదటి ఉత్తరం చదవగానే అర్థమైంది. నేను ఏడో తరగతిదాకా చదివాను. రేకులు నాకేనని, మీరు వచ్చేది నాకోసమేనని అంత తేటగా రాస్తే ఎందుకు తెలియదు? అందుకే ఉత్తరం ఎవరికీ చూపించలేదు, ఫోటో చూపించాను. పద్మారాణి ఏడుపు నిజం. మిగతాదంతా నేను కుట్టింది.

మీ పాత వీడియోల్లో ఒకాయనకు తోపుడు బండి ఇచ్చారు. మంచి బండి. ఆయన మాత్రం చివరిదాకా తలెత్తలేదు. కింద అందరూ పాపం, పాపం అని రాశారు. రేపు నా వీడియో కింద కూడా అదే రాస్తారనుకున్నాను. మా ఆయన పోయినప్పుడు వీధివాళ్లు చందా వేసుకొని వచ్చారు. చందా వద్దు, మీ జాకెట్లు తెచ్చియ్యండి, కుట్టుకొని బతుకుతానన్నాను. ఆనాటి నుంచి ఈ వీధిలో నన్ను పాపం అన్నవాళ్లు లేరు. కప్పు వద్దంటే పని పోతుంది, తీసుకుంటే తల వంగుతుంది. ఏం చేయాలో తోచక మీ ఫోటో చూస్తూ కూర్చున్నాను. ఆ అంగీలు చూశాక తోచింది.

ఇప్పుడు వీధి ఏమంటుందంటే, ఈశ్వరమ్మ దిక్కులేని పిల్లలకు బట్టలు పెట్టింది, వాళ్లు ఊరికే తీసుకోలేక రేకులు వేసిపోయారు. మహిధర్ తెచ్చిన రేకులు ఆడవాళ్లు నిలదీసినందుకు తెచ్చినవి. ఎవరి తలా వంగలేదు. నిన్ను పరేషాన్ చేశాను, అది నాకు బాధగానే ఉంది. రేకులు లేకపోయినా వస్తామని రాసినరోజు నీ ఉత్తరం పట్టుకొని ఏడ్చాను. నా కన్నబిడ్డ రాసినట్టు అనిపించింది. మీరు చేసిన మేలు నాకు తెలుసు, చచ్చేదాకా మరువను. వీధికి మాత్రం తెలియనివ్వను. మీరు తాండూరులో దిక్కులేని పిల్లలుగానే ఉండిపోండి, ఏడాదికో అంగీ కుట్టి పెడతాను.

ప్రేమతో దీవిస్తూ,
ఈశ్వరమ్మ.

తా.క. మొన్న నిఖిల్ వాళ్ల నాన్న పనిమీద తాండూరు వచ్చి, కొడుకుకు అంగీ కుట్టిన మనిషిని చూసిపోదామని మా వీధికి వచ్చాడు. నిఖిల్ తండ్రినని చెప్పగానే జనం పోగయ్యారు. "ఇన్నొద్దులు యాడికి పోయినవ్? పిల్లగాన్ని పప్పు మీద ఇడిచిపెట్టి పోతవా?" అని పద్మారాణి చొక్కా పట్టుకుంది. నేను అడ్డం పడి, పోనీలే, బుద్ధొచ్చి తిరిగొచ్చాడు కదా అని విడిపించాను. ఆయన ఎంత చెప్పబోయినా ఎవరూ వినలేదు. ఇకమీదట కొడుకును బాగా చూసుకుంటానని వీధి ముందు మాటిచ్చి పోయాడు. కొన్నాళ్లు ఇటువైపు రావద్దని చెప్పు.