కట్టర్ సద్దు

ఆగస్టు 4, సోమవారం

కంప్లిలో కొత్త ఆస్పత్రి సైట్‌లో ఎక్స్‌రే రూమ్ గోడ మొదలైంది. మొదటి వరస హులిగెప్ప మేస్త్రీ చేత పెట్టించాను. మా ఊరు ఎమ్మిగనూరు క్యాంపులో మా ఇల్లు కట్టింది ఈయనే. మూడో క్లాసులో ఉన్నప్పుడు ఆయన అప్పుడే చదును చేసిన సిమెంటులో కాలు పెట్టి తిట్లు తిన్నాను. ఇప్పుడు నేను ఇంజనీర్‌ని. అయినా అందరి ముందూ పాపా అనే పిలుస్తాడు. సూపర్‌వైజర్ సిద్ధేశ్ మూతి బిగించి నవ్వుకుంటాడు.

హులిగెప్ప మా కంపెనీ పలక చేత్తో ఎత్తి, ఏందిది పాపా ఇంత బరువుండాది, ఇనుమా అన్నాడు. స్టీలు ప్లాంటు పారేసే స్లాగ్, బొగ్గు బూడిద, గనుల దగ్గర మిగిలిన మట్టి, ఇంకో రెండు పౌడర్లు అన్నాను. సీసం లేదు, విషం లేదు, ఎక్స్‌రేని మాత్రం సీసం రేకు ఆపినట్టే ఆపుతుంది అన్నాను. అంటే తారానగర్ పక్క లారీల్లో లేసే ఎర్ర దుమ్మేనా అన్నాడు. అదే అన్నాను. ఓరి నాయనా, మా చిన్నాయన రొమ్ములోకి పోయిన దుమ్ము ఇప్పుడు ఆస్పత్రికి గోడ అయితాందా అన్నాడు. నేను పలక అంచు చూపించాను.

ప్రతి పలకకీ అంచున చిన్న మెట్టు ఉంటుంది. పక్క పలక దాని మీద ఎక్కి కూర్చోవాలి. ఎక్స్‌రే తిన్నగా పోతుంది, సందు కూడా తిన్నగా ఉంటే బయటపడుతుంది. మెట్టు ఉంటే అక్కడే ఆగిపోతుంది. హులిగెప్ప రెండు పలకలు కలిపి, విడదీసి, మళ్ళీ కలిపి చూశాడు. పెంకు మీద పెంకు ఎక్కినట్ల, అంతే కదా అన్నాడు. నేను గంట లెక్చర్ ఇచ్చినా ఇంత బాగా చెప్పలేను.

ఆగస్టు 5

తలుపు పక్కన పెట్టాల్సిన పలకలు వచ్చాయి. మెట్లన్నీ తప్పు వైపున ఉన్నాయి. ఆర్డర్ ఫారం తీసి చూశాను. కుడి అని టిక్ పెట్టాల్సిన చోట ఎడమ అని పెట్టింది నేనే. నా సంతకం కూడా ఉంది, చక్కగా.

కూరెకుప్పలో మా ఫ్యాక్టరీలో మళ్ళీ పోసి ఇవ్వడానికి ఎనిమిది రోజులంటున్నారు. డాక్టరుగారి ఆస్పత్రి ఓపెనింగ్ శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం రోజు. ముహూర్తం జరపరు. మా మేనేజర్ చంద్రశేఖర్ సార్ నా ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది కూడా ఈ నెలలోనే. తప్పు ఒప్పుకుంటూ సార్‌కి మెయిల్ టైప్ చేశాను. పంపలేదు.

ఆగస్టు 6, మధ్యాహ్నం 3:40

హులిగెప్ప ఫోన్ చేశాడు. తలుపు పక్క నిలువు వరస కూర్చోవడం లేదంట. మెట్టు కట్టర్‌తో కోసేసి, సందులో సిమెంటు నింపమన్నాను.

అట్ల కోస్తే ఎక్స్‌రే బయటికి పోతాదని మొన్న నువ్వే చెప్తివి కదా పాపా అన్నాడు.

ఒక్క వరసకి ఏం కాదన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా నేను. ఇంజనీర్ నువ్వా నేనా, చెప్పిన పని చెయ్ అన్నాను. నువ్వు అన్నాను. మా నాన్న కూడా ఆయన్ని మేస్త్రీ అంటాడు కానీ ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

సరి అన్నాడు. ఫోన్ పెట్టేయకముందే కట్టర్ మోత మొదలైంది.

ఆగస్టు 8

ఓపెనింగ్ అయింది. హులిగెప్పకి తలకి పేటా చుట్టి, శాలువా కప్పి, దండ వేశారు. ముప్పై ఏళ్ళలో తనకు జరిగిన మొదటి సన్మానమంట. ఆ ఎండలో శాలువా తీయకుండానే బండి మీద ఇంటికి వెళ్ళాడు. నేను ఫోటోలు తీశాను.

ఆగస్టు 13

రేడియేషన్ సర్వే అయ్యాకే మిషన్ వాడాలి. ట్రయల్ పేరుతో రోజుకు పది ఎక్స్‌రేలు తీస్తున్నారు. ఆయా హొన్నూరమ్మ తలుపు పక్కన బెంచీ మీద, ఆ వరసకే వీపు ఆనించి బొరుగుల మండక్కి తింటోంది. ఈడ గోడ సల్లగా ఉండాది మేడమ్ అంది. అక్కడ కూర్చోవద్దని చెప్పడానికి నోరు తెరిచాను. ఎందుకని అడుగుతుంది. నోరు మూసుకున్నాను.

ఛీ.

ఆగస్టు 18

సర్వే. బెంగళూరు నుంచి రాజశ్రీ మేడమ్ మీటర్ పట్టుకుని వచ్చారు. మూడు గోడలు అద్భుతం అన్నారు. సీసం లేకుండా ఇంత బాగా ఆపే పలక తాను చూడలేదన్నారు. నాలుగో గోడ, తలుపు పక్కన, బెంచీ దగ్గర మీటర్ కీచుమంది. ఒకటే వరస, పై నుంచి కింది దాకా.

ఇన్నాళ్ళూ అక్కడ కూర్చున్నవాళ్ళకి పడింది చాలా తక్కువే, భయం లేదు, కానీ అసలు పడకూడదు అన్నారు మేడమ్. మిషన్‌కి తాళం వేయించి బెంచీ తీయించారు. సిమెంటు గీకితే కోసిన అంచు బయటపడింది.

ఎవరు కోయమన్నారని చంద్రశేఖర్ సార్ గట్టిగా అడిగారు. హులిగెప్ప నా ఎదురుగానే ఉన్నాడు. డ్రాయింగ్ ప్రకారమే చేయమన్నాను సార్ అని నేనే ముందు అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందో! హులిగెప్ప నా వైపు చూశాడు, తర్వాత కింద చూశాడు. కట్టర్ సద్దులో నాకే సరిగ్గా ఇనపల్లేదేమో సార్, చెవి కొంచెం మందం అన్నాడు.

రిపోర్టులో మేస్త్రీ పొరపాటు అని రాశారు. సాక్షిగా నేను సంతకం పెట్టాను.

ఆగస్టు 19

లీవ్ పెట్టాను. కారణం జ్వరం. జ్వరం లేదు.

ఆగస్టు 24, ఆదివారం

వంటింట్లో నీళ్ళు కారుతున్నాయని నాన్నమ్మ హులిగెప్పకి కబురు పెట్టింది. వచ్చాడు. పక్కకు జరగండి మేడమ్ అన్నాడు నాతో. మా ఇంట్లో, తను పరిచిన బండల మీద నిలబడి. అదేమిటోయ్, మన తనూజని పట్టుకుని మేడమ్ అంటావు, కొత్తగా వచ్చిన కోడలా అంది నాన్నమ్మ. ఆయన నిజంగానే వినపడనట్టు పని చేసుకున్నాడు.

కంప్లిలో ఆయన ఒప్పుకున్న రెండు ఇళ్ళ పని పోయిందంట. చెవిటి మేస్త్రీ, సరిగ్గా చూసుకోడు అన్నారంట. నాన్న చెప్పాడు. నాకు అన్నం దిగలేదు.

ఆగస్టు 29

మెయిల్ పంపేశాను. తప్పు ఆర్డర్, ఫోన్, అబద్ధం, అన్నీ రాశాను. ఆర్డర్ ఫారం కూడా జత చేశాను. ఇన్ని రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను. ఉద్యోగం పోతే పోనీ.

సెప్టెంబరు 1

పోలేదు. సార్ హులిగెప్పని పిలిపించి అడిగారంట. ఆ పాప మనసు మెత్తన సార్, నన్ను కాపాడాలని అట్ల రాసింది, తప్పు నాదే అన్నాడంట. ఆర్డర్ తప్పు పెద్ద విషయం కాదమ్మా, అందరం చేసేదే, కానీ పనివాడి కోసం తప్పు మీద వేసుకునే ఇంజనీర్ని ఎక్కడా చూడలేదు అన్నారు సార్. ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టేశారు. స్వీట్లు ఏవని కూడా అడిగారు.

బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

సెప్టెంబరు 2

పొద్దున్నే హులిగెప్ప ఇంటికి వెళ్ళాను. నా కోసం ఎందుకు అబద్ధం చెప్పారు, నాకది వద్దు అన్నాను. ఆయన భార్య హంపమ్మ టీ గ్లాసు నేల మీద టక్కున పెట్టి లోపలికి పోయింది.

నీ కోసమనుకుంటివా అన్నాడు హులిగెప్ప. ఇన్నేళ్ళలో ఆయన గొంతు అలా వినలేదు. ముప్పై ఏండ్ల నుంచి మేస్త్రీ కెలసం చేస్తాండా. ఆ మెట్టు కోస్తే ఏమైతాదో నాకు తెలుసు. తెలిసీ కోస్తిని. నేను ఎత్తుకుని తిరిగిన పిల్ల ఒక్క మాట గదిరిస్తే బెదిరి, పని చెడగొడ్తిని. ఆ మాట నేను నలుగురిలో చెప్పుకోవాల్నా? చెవిటోనికి ఈ పొద్దు కాకపోతే రేపు పనిస్తారు. తెలిసీ పని చెడగొట్టినోనికి ఎవడిస్తాడు? నువ్వు మెయిలు రాసి నీ తప్పు కడుక్కుంటివి. నన్ను యాడ కడుక్కోమంటావు?

ఇన్నాళ్ళూ ఆయన నన్ను కాపాడాడని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గులో కూడా నా గురించే ఆలోచించుకున్నాను. ఆయన సిగ్గు గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు. నేను పోగొట్టింది ఆయన మంచి పేరు మాత్రమే కాదు, తన పని మీద ఆయనకున్న గర్వం కూడా.

నన్నేం చేయమంటారు అని అడిగాను. చెడిపిన చేత్తోనే గోడ సరిచేయనీ, సార్‌కి ఇంకేం చెప్పొద్దు అన్నాడు. గుమ్మం దాటుతుంటే హంపమ్మ వెనక నుంచి, ఆయనకి చెవి బాగుండాదని ఎవరితోనూ అనొద్దమ్మా అంది.

సెప్టెంబరు 6, శనివారం

కొత్త పలకలు వచ్చాయి, మెట్టు సరైన వైపే ఉంది. మేస్త్రీకి చెవుడు మేడమ్, ఈసారైనా గట్టిగా చెప్పండి అన్నాడు సిద్ధేశ్. పనివాళ్ళంతా చూస్తున్నారు. కట్టర్ కూడా నడవడం లేదు.

అరిచి చెప్పాను. హులిగెప్ప చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆఁ మేడమ్, మళ్ళొకసారి చెప్పండి అన్నాడు.

మళ్ళీ అరిచాను.