దాచిపెట్టిన ఎండ

గంగన్నా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి చలికాలం ఇది. అల్ ఖూజ్ షెడ్డు కప్పు మీద నువ్వు బిగించిన గొట్టాలు పనిచేస్తున్నాయి. ఎండాకాలపు వేడినంతా కింద ఇసుక ట్యాంకులో దాచి, చలికాలంలో గదులు వెచ్చబెడతారట. చలిదేశాలవాళ్లకు అమ్మడానికి ఈరోజు అతిథులను పిలిచి చూపించారు.

దుబాయ్‌లో అంత చలెక్కడిది? అందుకని ముందు ఏసీలు పెట్టి గదిని మంచుగడ్డ చేశారు! నువ్వు పడిపోయిన కప్పు మీద నీడకు ఒక గుడ్డ కట్టని కంపెనీ ఇది. నేను దోపిడీ అంటే, "ఆ మాట పప్పుల ఏసుకుంటే రుచొస్తదా తమ్మీ?" అని నవ్వేవాడివి. ఇప్పుడు నవ్వు చూద్దాం.

గది వెచ్చబడగానే అతిథులు గోడలు తడిమి చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

"యే గర్మీ కబ్ కీ హై, సాబ్?" అని మన మేనేజరును, అదే ముదీర్‌ను, అడిగాను, ఈ వేడి ఎప్పటిదని.

"జులై కీ," అన్నాడు గర్వంగా.

"జులైల మధ్యాహ్నం ఎండల పని బంద్ ఉండాలెనని సర్కారు రూలు గద! మా గంగన్నను పైకి ఎవలు ఎక్కిచ్చిండ్రు?" కోపంలో తెలుగే వచ్చింది.

మన మేస్త్రి నా చెయ్యి పట్టి గుంజాడు. "ఖలాస్ రా! గుండెజబ్బని కాయితం మీద రాసిండ్రు. నీ వీసా గూడ పోతది."

రేపు ముదీర్ ఆఫీసుకు రమ్మన్నాడు. అదే మాట హిందీలో అడుగుతాను. పంపిస్తే పంపించనీ. ఊరికి పోయి, నువ్వు జబ్బుతో కాదు, ఎండదెబ్బతో పోయావని వదినకు నా నోటితోనే చెప్తాను.

నీ తమ్ముడు,
రమేశ్