పాపనెవరు చూస్తారు?

అత్తయ్యగారూ,

నేతపనికెళ్ళే తల్లుల పిల్లల కోసం మన బండారులంకలో ప్రభుత్వం శిశు సంరక్షణ కేంద్రం పెడుతుందట. ఎవరికి అవసరమో తెలుసుకోవడానికి కొత్త అంగన్‌వాడీ టీచరుగారు ఇవాళ ఇంటింటికీ తిరిగారు.

“మీరు నేస్తుంటే పాపనెవరు చూస్తారండి?” అనడిగారు.

“మా అత్తగారండి,” అనేశాను, మగ్గం మీంచి తలెత్తకుండానే.

“అయితే మీకక్కర్లేదన్నమాట,” అని వెళ్ళిపోయారు.

మీరు నూలు కండెలు చుడుతూ కాలి బొటనవేలికి కట్టుకునే ఉయ్యాల తాడు ఇప్పుడు నా కాలికుంటోంది. పాప కదిలితే తాడు నా వేలిని లాగింది. ముడి విప్పుకుని, పాపను చంకనేసుకుని వీధి చివరిదాకా పరిగెత్తాను.

“మా అత్తగారు పోయేరండి,” అన్నాను. ఆ మాట నా నోట రావడం ఇదే మొదటిసారి.

“అయ్యో! అయితే మీకు కావాలన్నమాట.”

“ఆయ్. కావాలండి.”