పరుపు మీద మెషిన్

మార్చి 3, మంగళవారం

మోకాళ్ళ డాక్టర్ ఎక్స్‌రే చూశాడు. ఇంకో ఏడాది ఇలాగే నిలబడితే నడక కూడా పోతుందమ్మా అన్నాడు. ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో పదకొండేళ్ళుగా నీళ్ళు, జ్యూసులు, బిస్కెట్లు అమ్ముతున్నాను. నా కౌంటర్ వెనక కుర్చీకి చోటు లేదు.

మూతపడిన జిమ్‌లో పాత కూలింగ్ వెండింగ్ మెషిన్ ఒకటి దొరికింది, డబ్బులేస్తే చల్లటి సీసా దానంతటదే ఇచ్చేది. పక్కన కూర్చుని, ఖాళీ అయినప్పుడల్లా నింపుకుంటే చాలు. సూపరింటెండెంట్ ఒప్పుకున్నారు. సోమవారం తొమ్మిదికి వచ్చి చూస్తా, సీసా చల్లగా రాకపోతే ఆ చోటు కూల్‌డ్రింకుల కంపెనీ వాళ్ళ మెషిన్‌కిచ్చేస్తా అన్నారు. కంపెనీ వస్తే ఆ హాల్లో నాకు పనే ఉండదు.

మార్చి 5, గురువారం

అక్క మొగుడికి పరుపుల షాపుంది, మినీ ట్రక్కుంది, నోరుంది. దానిదేముంది మరదలా, పరుపుల మధ్య పడుకోబెట్టి తెచ్చేస్తా అన్నాడు. అనుమానమొచ్చి ఫ్రిజ్ మెకానిక్‌కి ఫోన్ చేశాను. ఆయన గయ్యిమన్నాడు. పడుకోబెడితే కంప్రెసర్లో ఆయిల్ పైపుల్లోకి పోతుందట. దారంతా నిలువుగానే ఉండాలట. బావ మొహం ముడుచుకున్నాడు.

మార్చి 7, శనివారం, మధ్యాహ్నం 3

తెచ్చాం. ట్రేలన్నీ తీసి, తలుపుకి టేపు వేసి, వైరు చుట్టి కట్టాం. ముగ్గురు హమాలీలు నిలువుగానే ఎక్కించారు. క్యాబిన్‌కి ఆనించి, చుట్టూ పరుపులు పెట్టి, మూడు బెల్టులు బిగించారు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి చూడడం, బావ నన్ను కసరడం. అక్కని కాన్పుకి తీసుకెళ్ళినప్పుడు కూడా ఇంత మెల్లగా నడపలేదట.

హాల్లో మూలన దించారు. నా మోకాళ్ళు వాచిపోయాయి. స్విచ్ ఎప్పుడు వెయ్యాలో మెకానిక్‌ని నేనడుగుతాలే, నువ్వింటికి పో అన్నాడు బావ. వచ్చి పడ్డాను.

మార్చి 8, ఆదివారం, ఉదయం 9

ఆదివారం కదా, హాలు ఖాళీ. వెళ్ళేసరికి మెషిన్ వెల్లకిలా పడుకుని ఉంది. కింద కొత్త పరుపు. పైన దుప్పటి.

నిన్న బావ ఫోన్ చేసి అడిగితే, ఇవాళంతా దాన్ని పడుకోనివ్వండి, రేపు లేపుదాం అన్నాడట మెకానిక్. ఆయన భాషలో ఆపి ఉంచితే పడుకోవడం, స్విచ్ వేస్తే లేవడం. పరుపులమ్మేవాడికి పడుకోవడమంటే పడుకోవడమే. దారిలో నిలబడి నిలబడి అలిసిపోయుంటుందనుకున్నా, మంచి ఆర్థోపెడిక్ పరుపే వేశా అన్నాడు బావ, మెచ్చుకుంటాననుకుని.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వాను. తరవాత ఏడ్చాను. ఆ తరవాత తిట్టాను.

అదే రోజు, 11

పదింటికి నిలబెట్టించాం. మెకానిక్ వచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆయిల్ కిందికి దిగాలి, రేపు పదింటిదాకా స్విచ్ జోలికి పోవద్దు, ఆ తరవాత చల్లబడ్డానికి నాలుగైదు గంటలు అన్నాడు.

తొమ్మిదికి సూపరింటెండెంట్ వస్తారు.

సాయంత్రం 6

ఇప్పుడే వేసేద్దాం, ఏదైతే అదవుతుంది అన్నాడు బావ. రెండుసార్లు నా చెయ్యి స్విచ్ దాకా వెళ్ళింది. కంప్రెసర్ పోతే ఇంకో మెషిన్ కొనే ఓపిక నాకు లేదు. దేనికీ ఓపిక లేదు. ఇంటికొచ్చేశాను.

మార్చి 9, సోమవారం, ఉదయం 9:20

ఆయన వచ్చారు. పదకొండేళ్ళలో ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇవాళ గడువు అడిగాను. పరుపు సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆయన పెదవి కొరుక్కున్నారు, నవ్వాపుకోవడానికే అనుకుంటా. మూడింటికి వస్తా, అప్పటికీ కాకపోతే నన్నేమీ అనుకోవద్దమ్మా అన్నారు. మొహంలో నవ్వు లేదు.

10:10

స్విచ్ వేశాం. చప్పుడు లేదు. మెకానిక్ మెషిన్‌కి చెవి ఆనించాడు. కాసేపటికి సన్నగా గుర్రుమంది. తిరుగుతోంది కానీ చల్లబడుతుందో లేదో చెప్పలేనన్నాడు.

మధ్యాహ్నం 1

సీసా ఇంకా గోరువెచ్చగానే ఉంది. బావ మూలన కూర్చుని పరుపు మీద మరకలు తుడుస్తున్నాడు. తిట్టకుండా ఉండాల్సింది. పాపం, అమ్ముకునే పరుపు పాడు చేసుకున్నాడు నాకోసం.

2:15

కాస్త చల్లగా ఉందా, నా చెయ్యే చల్లబడిందా తెలియడం లేదు. బావ చేతికిచ్చి చూడమన్నాను. ఆయనకీ తెలియలేదు.

3:40

సూపరింటెండెంట్ సగం సీసా అక్కడే తాగారు. సరేనన్నారు.

కుర్చీ వేసుకున్నాను. కూర్చుని చూస్తుంటే మనుషులందరూ ఎంత పొడుగ్గా ఉన్నారో.