మరియమ్మ తాగిన నీళ్లు

నారాయణఖేడ్, 1941 మే, ఆదివారం

అక్క కూతురు మరియమ్మ ఈ రోజు పూజలో ఫాదర్ నాలుక మీద పెట్టే అప్పం, సత్ప్రసాదం, మొదటిసారి తీసుకోవాల్సింది. తీసుకోలేదు.

ఏడేళ్ల పిల్ల. కంగ్టి నుంచి తల్లితో నడిచి వచ్చింది. సత్ప్రసాదం తీసుకునేవాళ్లు అర్ధరాత్రి దాటాక మంచినీళ్లు కూడా ముట్టకూడదు. తెల్లవారుజామున దారిలో వాగు ఇసుకలో చెలిమె కనిపిస్తే దోసెడు తాగిందట. ఎవరూ చూడలేదు. పూజకు ముందు, ఎప్పుడో ఒకసారి ఊరికి వచ్చే ఫాదర్ అడిగితే తానే చెప్పింది. ఆయన కోప్పడలేదు, పక్కన కూర్చోమన్నాడు. మిగతా పిల్లలు మోకరిస్తుంటే ఇది గోడవైపు తిరిగి కూర్చుంది.

బయటికి రాగానే అక్క దాన్ని పట్టుకుని అడిగింది: "ఎందుకు చెప్పినవే? నోరు మూసుకుంటే ఏం బోయేది?"

"ఆయన అడిగిండు గదనే."

నిజం చెప్పి నష్టపోయినవాళ్లను కోర్టు కచేరీల్లో చాలామందిని చూశాను, పత్రికకు వార్తలూ రాశాను. ఇంత చిన్నవాళ్లను చూడలేదు.

సాయంత్రం మా ఇంట్లో నీళ్ల చెంబు అందిస్తే ముఖం తిప్పుకుంది.

"మామా, ఫాదర్ మల్ల ఎప్పుడొస్తడు?"

"వానలు తగ్గినంక."

"గప్పటిదాంక తాగ."

అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది పడుకున్నాక చెంబు దాని తల దగ్గర పెట్టాను. ఇప్పుడే వెళ్లి చూశాను. నిండుగానే ఉంది.