ఐదంటే ఐదే

జనగామ
రంజాన్ రెండో రోజా

జావేద్‌కు అన్న అమీర్ అలీ సలాం. ఇద్దరం ఒక్క అమ్మి కడుపుల పుట్టినం గన్క సలాం చెప్పాలె, చెప్తున్న.

ఫోన్‌ల నీ గొంతు ఇనబుద్ధి గాక కాయితం రాస్తున్న. తప్పులుంటే నవ్వుకో. నేను మూడో తర్గతి, నువ్వు రియాద్‌ల పెద్ద ఇంజనీరువు. ఏసీలు బాగుజేసేటోన్ని గక్కడ ఇంజనీరంటరట.

అమ్మి పోయి ఏడాదైతదని సదివిచ్చే సాల్ ఫాతెహాకు వస్తనని చాంద్‌బీతోని చెప్పిచ్చినవు. చెల్లెను అడ్డం పెట్టుడెందుకు? రాకు. పోయినేడు వచ్చింది సాలు. రియాద్ నుంచి శంషాబాద్‌కు మూడువేల కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు, పొద్దుగాల ఐదింటికి విమానం లేస్తదని నువ్వే చెప్పితివి. అంటే తొమ్మిదిన్నరకు దిగాలె. ఆడికెల్లి జనగామకు రెండున్నర గంటలు. పన్నెండుకు ఇంట్ల ఉండాలె. పగటి జొహర్ నమాజ్ దాకా అమ్మిని మట్టికి తీస్కపోకుంట ఆపిన. ఇమాం సాబ్ "సాయంత్రం అసర్ నమాజ్ దాకా ఆగుదాం భాయ్" అన్నడు. నేను ఇనలే. పట్నంల, టోలిచౌకిల నీ అత్తగారింట్ల కాళ్లు జాపుకొని బిర్యానీ తింటున్నవని నాకెర్కలేదా?

మట్టి ఇచ్చినంక, రెండున్నరకు, బ్యాగు ఈడ్సుకుంట వస్తివి. "అన్నా, అక్కడి ఐదంటే మనకు ఏడున్నర" అంటివి. సిగ్గుండాలె. నలభై ఏండ్ల సంది స్టేషన్ రోడ్డుల గడియారాలు బాగుజేస్తున్నోనికి టైము నేర్పుతవా? ఐదంటే ఐదే.

రాకు.

అమీర్ అలీ

జనగామ
పదిహేనో రోజా

తమ్మీ జావేద్,

నిన్న తూర్పు దిక్కు చిట్యాలకు చాంద్‌బీ ఇంటికి పోయొచ్చిన. బస్సుల నాలుగు గంటలు పట్టింది. గంతట్ల నువ్వు సముద్రమే దాటుతవు. అది బస్సా, ఎద్దుల బండా?

నలభై ఏండ్లల ఏ రంజాన్‌కూ నేను జనగామ దాటలే. ఇఫ్తార్‌కు కూసున్నం. మన జనగామ మజీదుల ఇచ్చిన రోజా టైముల కాయితం లెక్కన ఇంకా రెండు నిమిషాలున్నయి. చాంద్‌బీ ఖజూర్ పండు నోట్లె ఏసుకున్నది. "ఏందే, రోజా కరాబ్ జేసుకుంటివి!" అని కసిరిన.

అది నములుకుంటనే, "అన్నా, గిది జనగామ గాదు. గీడ పొద్దు ముందుగాల గూకుతది. అజాన్ ఇనవడ్తలేదా?" అన్నది.

ఇనవడ్డది.

"గింత దూరానికే రెండు నిమిషాలైతే, జావేద్ కాడ ఎంతైతదో నువ్వే జూడు, గడియారాల సాబ్."

చిన్నప్పటి సంది దానికి నోరెక్కువ. నా చేతిల ఖజూర్ చేతిలనే ఉన్నది.

ఆ దినం నువ్వు యాడా ఆగలే. విమానం గూడ ఆలిశం గాలే. అమ్మి మొకం నీకు దక్కకుంట జేసింది నేనే. నేను పన్నెండని చెప్పినంక అసర్ దాకా ఆగితే నా ఇజ్జత్ పోతదనుకున్న, గంతే.

ఇయ్యాల పొద్దుగాల దుకాణంల ఒక గోడ గడియారాన్ని రెండున్నర గంటలు ఎన్కకు తిప్పి పెట్టిన. అది నీ టైము. పక్క దుకాణం కిష్టయ్య జూసి, "అమీర్ సాబ్, నీ గడియారమే ఎన్కకు నడుస్తున్నదా!" అని పకపక నవ్విండు. నలభై ఏండ్లల నన్ను జూసి గట్ల నవ్వినోడు లేడు. నవ్వనిచ్చిన.

టికెట్ తీస్కో. ఎప్పుడు లేస్తదో రాయి సాలు, దిగేది నేను లెక్కజేస్త. మాఫీ గీఫీ అడుగుతననుకునేవు. అడుగ. ఫాతెహా దినం కబరస్తాన్‌కు, అమ్మి కాడికి మాత్రం నువ్వొచ్చినంకనే పోత. పొద్దు గూకి మగ్రిబ్ అయినా సరే, ఈసారి ఆగుత.

నీ అన్న
అమీర్ అలీ