చేత్తో ఊడే ముందు చక్రం

1986 అక్టోబర్ 3, ఉట్నూర్

పొద్దున సైకిల్ షాపు తీయగానే రూతు సిస్టర్. టీకాల నర్సు. మళ్లీ అదే లొల్లి — దవాఖాన జీపు మీద సైకిల్ కట్టాలంటే ముందు చక్రం విప్పాలి, పానా దొరకదు, డ్రైవర్ అరుస్తాడు. దిగాక మళ్లీ బిగించుకోవాలి. "మల్లేశన్నా, చేత్తోనే ఊడేటట్టు జర చెయ్యరాదా?"

చూద్దామన్నాను. చూసేదేముంది, ఇరవై ఏళ్లుగా పానా పట్టిన చెయ్యి!

అక్టోబర్ 4

అయింది. రెండు వైపులా చెవుల నట్లు. వేళ్లతో తిప్పితే చాలు. చక్రం కూర్చునే చిమ్టాకు ఉన్న కొక్కెం వాషర్లే అడ్డం వచ్చాయి. నట్టు వదులైనా చక్రం జారిపోకుండా పట్టుకునేవి అవే. కానీ అవి ఉంటే విప్పేటప్పుడు నట్టు చివరిదాకా తిప్పాలి, ఆలస్యం. తీసి డబ్బాలో పడేశాను.

సిస్టర్ చక్రం విప్పింది, బిగించింది, మళ్లీ విప్పింది. చిన్నపిల్లలా నవ్వింది. నాకూ ఖుషీ.

అక్టోబర్ 9

పేరు పాకింది. బడి పంతులు వచ్చాడు. మలేరియా మందు కొట్టే గంగారాం వచ్చాడు — "సిస్టర్‌కు చేసినవట, నాకు చెయ్యవా?" ఇద్దరికీ అదే పని. వాళ్ల కొక్కేలూ డబ్బాలోకే.

అక్టోబర్ 12

వాన లేదు. పని బాగుంది.

అక్టోబర్ 14

సిస్టర్ పడిపోయింది. గుట్ట దిగుతుంటే, గుంతలో ఎగిరి, ముందు చక్రం ఊడి వచ్చేసిందట. ముందు పళ్లు రెండు పోయాయి. మణికట్టు విరిగింది.

దవాఖానకు పరుగెత్తాను. మూతి వాచి మాట సరిగ్గా రావడం లేదు. "నాదే తప్పన్నా... బిగిచ్చిన్నో లేదో యాదికి లేదు."

నేనేమన్నాను? "చూసుకోవాలె గద సిస్టర్" అన్నాను. నా నోరు పడిపోను!

అక్టోబర్ 15

ఆమె సైకిల్ జీపులో తెచ్చారు. ఒక్కడినే కూర్చుని చూశాను. నట్లు రెండూ ఇరుసు మీదే ఉన్నాయి. అంటే బిగించింది, పాపం. పానాకుండే బిగువు ఆడపిల్ల వేళ్లకు ఎక్కడిది, నా వేళ్లకు మాత్రం ఎక్కడిది? రాళ్ల దారిలో వదులయ్యాయి. కొక్కేలుంటే చక్రం కదిలేది, గడగడమనేది... ఊడేది కాదు.

షాపుకొచ్చిన ప్రతివాడిదీ ఒకే మాట: "సిస్టర్ సోయి లేకుంట ఎక్కిందట." తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

అక్టోబర్ 17

అన్నం సహించడం లేదు. లక్ష్మి పట్టేసింది. "ఏమైంది, తింటలేవ్?" పెళ్లాం దగ్గర ఎంతసేపు దాస్తాను? చెప్పేశాను.

"పోయి ఆమెకు చెప్పు."

"పేరు పోతదే. షాపుకు ఎవడొస్తడు?"

"ఆమె పండ్లూడినయ్. నీకు పేరు ఫికరా?"



అక్టోబర్ 18

పంతులును పిలిచి పాత నట్లు, కొక్కేలు వేశాను. "మంచిగున్నదాన్ని ఖరాబు చేస్తవేంది?" అన్నాడు. సిస్టర్ పడింది నా పని వల్లేనని చెప్పాను. ఆయన సైకిల్ నెట్టుకుంటూ పోయాడు. ఎక్కలేదు.

గంగారాం అడవి ఊళ్లలో ఉన్నాడు. జీపు డ్రైవర్‌తో కబురు పంపాను — సైకిల్ ఎక్కొద్దు, జీపులో వేసుకుని రా.

అక్టోబర్ 19, ఆదివారం

సిస్టర్ ఇంటికి. ప్రార్థన నుంచి అప్పుడే వచ్చింది, చేతికి కట్టు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను.

విని అంది: "గిన్నొద్దులు ప్రార్థనల నన్ను నేనే తిట్టుకున్నన్నా."

నన్ను తిట్టినా బాగుండేది. ఏడుపొచ్చింది.

తర్వాత అడిగింది: "గంగారాంకు ఎరుకనా?" కబురు పంపానన్నాను. "అందిందా?"

జీపు ఇంకా తిరిగి రాలేదన్నాను.

అక్టోబర్ 20

జీపు వచ్చింది. డ్రైవర్ దిగకుండానే — "దొర్కలే మల్లేశన్నా. పొద్దుగాల్నే సైకిల్ పట్కొని గుట్ట మీది గూడేనికి పోయిండట."

పోయేటప్పుడు అంతా గుట్ట ఎక్కుడే. నెట్టుకుంటూ పోతాడు, భయం లేదు. మధ్యాహ్నానికి మందు కొట్టడం అయిపోతుంది, తర్వాత దిగుడే. ఇప్పుడు పదిన్నర. జీపు అటు పోదట. నేను ఎంత తొక్కినా మూడు గంటల దారి. అయినా పోతున్నాను.

లక్ష్మి సద్ది కడుతోంది. వద్దన్నా వినదు.

గంగారాం దిగుడులో బ్రేకు పట్టే మనిషి కాదు.